అయస్కాంతం అంటుకోని స్టీలే మంచిదా? మరి ఇండక్షన్ పొయ్యి సంగతేమిటి?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా కనిపించినా అందులో రెండున్నాయండీ. మీ అత్తగారు స్టీలు సామాను కొనేటప్పుడు చిన్న అయస్కాంతం పెట్టి చూస్తారు, అంటుకుంటే నాసిరకమని పక్కన పడేస్తారు. ఇండక్షన్ పొయ్యి అమ్మినతనేమో అయస్కాంతం అంటుకునే గిన్నెలే తీసుకోమన్నాడు. ఎవరి మాట వినాలన్నది మొదటి ప్రశ్న. ఈలోగా మీ అబ్బాయి "అల్యూమినియం కూడా లోహమే కదా, దానికెందుకు అంటుకోదు?" అని అడిగాడు. అది రెండోది. అబ్బాయి ప్రశ్నకు జవాబు దొరికితే పెద్దవాళ్ల తగాదా దానంతటదే తీరిపోతుంది.

చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. పొయ్యి అమ్మినతని మాట సరైనదే. అత్తగారి పరీక్ష ఆ స్టీలు ఏ జాతిదో చెబుతుంది కానీ మంచిదో చెడ్డదో చెప్పదు. ఇక వివరంగా. నా ఉద్యోగమంతా ట్రాన్స్‌ఫార్మర్ కోర్లు (తీగ చుట్టే స్టీలు దిమ్మెలు), మోటారు స్టాంపింగుల (మోటారు కోసం కత్తిరించిన స్టీలు రేకులు) మధ్యే గడిచింది కాబట్టి మధ్యమధ్యలో అటు మళ్లుతుంటాను, ఏమనుకోకండి.

అయస్కాంతాన్ని ఒక వస్తువు దగ్గరికి తెస్తే ఏమవుతుందన్నది ఆ అయస్కాంతం కదులుతోందా, ఊరికే ఉందా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. ఊరికే ఉంటే ఆ వస్తువులోని పరమాణువుల స్వభావమే అంతా తేలుస్తుంది. కదులుతున్నా, లేక కాయిల్‌లో కరెంటు అటూ ఇటూ మారుతున్నా, ఆ వస్తువులో విద్యుత్తు ఎంత తేలిగ్గా పారుతుందన్న లెక్క కూడా వచ్చి చేరుతుంది. అత్తగారి అయస్కాంతం మొదటి రకం పరీక్ష. ఇండక్షన్ పొయ్యి రెండో రకం. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే ఇంత గందరగోళం.

మొదటిది చూద్దాం. ప్రతి ఎలక్ట్రానూ ఒక బుల్లి అయస్కాంతమే. చాలా పదార్థాల్లో అవి జతలు జతలుగా, ఒకదానికొకటి ఎదురుగా ఉండి, లెక్క సున్నా అయిపోతుంది. అలాంటివాటిని అయస్కాంతం లాగదు, చాలా కొద్దిగా తోసేస్తుంది కూడా. నీళ్లు, రాగి, బంగారం, బిస్మత్ ఈ బాపతు. పాఠ్యపుస్తకాల్లో డయా అయస్కాంత పదార్థాలంటారు. ఆ తోపుడు ఎంత తక్కువంటే, నీళ్లలో పుట్టే ఎదురు అయస్కాంతత్వం మనం పెట్టిన అయస్కాంత క్షేత్రంలో సుమారు లక్షలో ఒక వంతు. అయినా క్షేత్రం బాగా బలంగా ఉంటే అదే చాలు: 1997లో నెదర్లాండ్స్‌లోని నైమెగెన్‌లో భౌతిక శాస్త్రవేత్త ఆంద్రే గీమ్ బృందం 16 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) అయస్కాంతంలో బతికున్న కప్పను గాల్లో తేల్చింది. కప్పలో ఉన్నది ఎక్కువగా నీళ్లే కదా. (ఇదే గీమ్‌కి 2010లో గ్రాఫీన్ మీద పనికి నోబెల్ వచ్చింది. కప్పకి మాత్రం నవ్వులాటగా ఇచ్చే ఇగ్ నోబెల్‌తో సరిపెట్టారు.)

కొన్నింటిలో జత కుదరని ఎలక్ట్రాన్లు మిగిలిపోతాయి, లేదా లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు క్షేత్రం వైపు కాస్త మొగ్గుతాయి. ఇవి పారా అయస్కాంత పదార్థాలు. అల్యూమినియం ఇందులోకే వస్తుంది. అంటే మీవాడికి కచ్చితమైన జవాబు ఇది: అల్యూమినియాన్ని అయస్కాంతం లాగుతుంది, కానీ ఆ లాగుడు చేతికి తెలిసేంత ఉండదు. ఇనుముతో పోలిస్తే కోట్ల వంతుల్లో తేడా. ఆక్సిజన్ కూడా పారా అయస్కాంత పదార్థమే. ద్రవ ఆక్సిజన్‌ను బలమైన అయస్కాంతం ధ్రువాల మధ్య పోస్తే కింద పడిపోకుండా అక్కడే వేలాడుతుంది.

మూడో జాతి ఇనుము, నికెల్, కోబాల్ట్‌లది. ఇక్కడ పక్కపక్క పరమాణువుల మధ్య ఒక బలమైన క్వాంటం ఒప్పందం ఉంటుంది. దానివల్ల అవన్నీ ఒకే దిశకు తిరుగుతాయి. అయితే వస్తువు మొత్తం కాదు, సూక్ష్మదర్శినిలో కనిపించేంత చిన్న చిన్న మండలాలుగా తిరుగుతాయి. డొమైన్లనే వీటిని 1907లో పియర్ వైస్ ఊహించాడు. మామూలు ఇనప మేకులో ఒక్కో డొమైన్ ఒక్కో దిక్కు చూస్తుంటుంది కాబట్టి మేకు అయస్కాంతంలా ప్రవర్తించదు. అయస్కాంతం తెచ్చామంటే, దానితో పొత్తు కుదిరిన డొమైన్లు పక్కవాటిని ఆక్రమించి పెరుగుతాయి. మేకు తాత్కాలికంగా అయస్కాంతమై అంటుకుంటుంది. అయస్కాంతం తీసేశాక వెంటనే పాత స్థితికి వచ్చేసేది మెత్తని అయస్కాంత పదార్థం, అలాగే ఉండిపోయేది గట్టిది. ట్రాన్స్‌ఫార్మర్ కోరుకి మొదటిది కావాలి, స్పీకరుకి రెండోది. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే సిలికాన్ స్టీలులో ఈ డొమైన్లు సెకనుకు 50 సార్లు పూర్తిగా ఇటు తిరిగి అటు తిరగాలి. ప్రతి తిరుగుడులోనూ కాస్త శక్తి వేడిగా పోతుంది, స్టీలు కూడా వెంట్రుకవాసి సాగి ముడుచుకుంటుంది. ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర వినిపించే 'జూం' అదే. సగం చక్రానికి ఒకసారి చొప్పున సాగుతుంది కాబట్టి ఆ శబ్దం మూలం 50 కాదు, 100 హెర్ట్జ్, అంటే సెకనుకు 100 సార్లు.

ఇప్పుడు స్టీలు గిన్నెలు. ఇక్కడే అసలు తమాషా. 304 రకం స్టీలు తీసుకోండి. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం పైగా నికెల్, మిగిలినదంతా దాదాపు ఇనుమే. అంటే 70 శాతం ఇనుము ఉండి, దానికి తోడు నికెల్ అనే ఇంకో అయస్కాంత లోహమూ ఉండి, ఆ గిన్నెకు అయస్కాంతం అంటుకోదు! ఎందుకంటే అంటుకోవడం అన్నది పరమాణువు సొంత గుణం కాదు, పరమాణువులు ఎలా పేర్చి ఉన్నాయన్నదాని గుణం. మామూలు ఇనుములో ప్రతి పరమాణువుకూ ఎనిమిది దగ్గరి పొరుగువాళ్లుంటారు. దాన్ని 912 డిగ్రీలు దాటించి వేడిచేస్తే అమరిక మారి పన్నెండుమంది అవుతారు. ఆ అమరికను ఆస్టెనైట్ అంటారు. అందులో ఆ ఒకే దిశ ఒప్పందం నిలవదు. నికెల్ గానీ మాంగనీస్ గానీ తగినంత కలిపితే, చల్లారాక కూడా అమరిక ఆస్టెనైట్‌గానే ఉండిపోతుంది. 304 అంటే అదే. నికెల్ దాదాపు లేకుండా 16 నుంచి 18 శాతం క్రోమియంతో చేసే 430 రకం మామూలు ఇనుము అమరికలోనే ఉంటుంది. కాబట్టి దానికి గట్టిగా అంటుకుంటుంది.

ఇక అత్తగారి పరీక్ష ఎక్కడ తప్పుతుందో చూడండి. నికెల్ ఖరీదైనది కాబట్టి దాని బదులు మాంగనీస్ వేసి తయారుచేసే 201, 202 రకాలున్నాయి. మన బజార్లో జె4 అనే పేరుతో ఇంకా తక్కువ నికెల్ ఉన్న రకం విరివిగా దొరుకుతుంది. ఇవన్నీ ఆస్టెనైట్ జాతే. అయస్కాంతం అంటుకోదు. 304 కన్నా చవక, ఉప్పు, పులుపు తగిలే చోట తుప్పు మచ్చలు పడే అవకాశం కూడా ఎక్కువ. అయస్కాంతం పరీక్షలో ఇవి హాయిగా పాసైపోతాయి. మరోపక్క తుప్పును బాగానే తట్టుకునే 430 ఫెయిలవుతుంది. కత్తులకు వాడే 420 రకానికి కూడా అంటుకుంటుంది. దాన్నెవరూ నాసిరకం అనరు, పదును నిలవాలంటే ఆ అమరికే ఉండాలి. బంగారం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. అంటుకుంటే బంగారం కాదని చెప్పొచ్చు గానీ, అంటుకోనంత మాత్రాన బంగారం అయిపోదు. ఇత్తడికీ అంటుకోదు కదా.

ఇంకో చిన్న సంగతి. అసలైన 304 గిన్నె అంచు దగ్గర, మూల మడతల దగ్గర అయస్కాంతం కొంచెం లాగినట్టు అనిపిస్తే కంగారుపడి దుకాణదారుతో గొడవ పెట్టుకోకండి. రేకును చల్లగా ఉండగానే ప్రెస్సులో లాగి వంచినప్పుడు ఆ ఒత్తిడికి కొంత ఆస్టెనైట్ మార్టెన్‌సైట్ అనే అయస్కాంత అమరికగా మారుతుంది. గిన్నె అడుగు మధ్యలో అంటుకోకుండా అంచు దగ్గర కాస్త అంటుకుందంటే కారణం చాలావరకు ఇదే. వెయ్యి డిగ్రీలు దాటించి చల్లారిస్తే మళ్లీ పోతుంది.

ఇక రెండో రకం పరీక్ష, అంటే క్షేత్రం మారుతున్నప్పటి సంగతి. లోహం దగ్గర అయస్కాంత క్షేత్రం మారితే ఆ లోహంలో సుడులు సుడులుగా కరెంటు పుడుతుంది. ఆ కరెంటు కూడా ఒక క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది ఎప్పుడూ జరుగుతున్న మార్పును అడ్డుకునే దిశలోనే ఉంటుంది. లెంజ్ నియమం అని ఇంటర్లో చదివే ఉంటారు. దీనికి ఇనుమే ఉండాలని లేదు, కరెంటు పారే ఏ లోహమైనా చాలు. పాత కరెంటు మీటర్లలో తిరిగే పళ్లెం గుర్తుందా? అది అల్యూమినియందే. దాన్ని తిప్పేదీ ఈ సుడి ప్రవాహాలే. పక్కనే ఉన్న శాశ్వత అయస్కాంతం దగ్గర పుట్టి దానికి బ్రేకు వేసేవీ అవే. గుళ్ల దగ్గరా విమానాశ్రయాల్లోనూ ఉండే మెటల్ డిటెక్టర్ ద్వారం బంగారాన్నీ ఇత్తడినీ పసిగట్టడం కూడా ఇందుకే. అక్కడ అంటుకోవడంతో పనిలేదు.

ఇండక్షన్ పొయ్యి గాజు పలక కింద రాగి కాయిల్ ఉంటుంది. అందులో కరెంటు సెకనుకు ఇరవై వేల సార్లకు పైగా దిశ మార్చుకుంటుంది. మన చెవి వినగలిగే హద్దు దాటించడానికే అంత పైకి పెట్టారు. గిన్నె అడుగున సుడి ప్రవాహాలు పుట్టి, లోహం వాటికి చూపే నిరోధం వల్ల వేడెక్కుతుంది. అంటే పొయ్యి వేడెక్కదు, గిన్నే వేడెక్కుతుంది. మరి సుడి ప్రవాహాలు అల్యూమినియంలోనూ పుడతాయి కదా, అది ఎందుకు పనికిరాదు?

ఇంత వేగంగా మారే కరెంటు లోహం లోపలిదాకా పోదు, పైపొరలోనే పారుతుంది. ఆ పొర మందం లోహాన్ని బట్టి ఉంటుంది. అయస్కాంత గుణం ఎంత ఎక్కువైతే పొర అంత పలచన. 25 కిలోహెర్ట్జ్ దగ్గర లెక్కవేస్తే 430 స్టీలులో అది మిల్లీమీటరులో ఆరో వంతు అటూ ఇటూ, అల్యూమినియంలో అర మిల్లీమీటరు, 304లో రెండున్నర మిల్లీమీటర్లకు పైనే వస్తుంది. నాలుగు లేన్ల రోడ్డు మీది బండ్లన్నిటినీ ఒక్క సందులోకి తోలినట్టు, 430లో కరెంటంతా ఆ పలచటి పొరలో ఇరుక్కుంటుంది. పైగా స్టీలు నిరోధమే అల్యూమినియం నిరోధానికి ఇరవై రెట్లు. రెండూ కలిస్తే అంతే కరెంటుకి 430 అడుగున పుట్టే వేడి, మందపాటి అల్యూమినియం అడుగున పుట్టేదానికి అరవై రెట్ల దాకా ఉంటుంది. అల్యూమినియంలో కరెంటు చాలా సుఖంగా తిరిగేస్తుంది, వేడి పుట్టదు. అంతేకాక ఆ బలమైన కరెంటు కాయిల్ క్షేత్రాన్ని తిరగ్గొట్టేస్తుంది కాబట్టి పొయ్యిలోని సర్క్యూటు "గిన్నె లేదు" అనుకుని కూతపెట్టి ఆగిపోతుంది. 304 మధ్యరకం. కొన్ని పొయ్యిలు నెమ్మదిగా వేడిచేస్తాయి, చాలావి అసలు ఒప్పుకోవు. ఫ్రీక్వెన్సీ ఇంకా పెంచి అల్యూమినియాన్నీ రాగినీ కూడా వేడిచేసే పొయ్యిలు జపాన్‌లో అమ్ముతారు. కాబట్టి ఇది ప్రకృతి పెట్టిన నిషేధం కాదు, ఖర్చు లెక్క.

ఇదంతా నిజమేనా అని అనుమానం వచ్చేవాళ్లకి ఒక వింత. చపాతీలు చుట్టే అల్యూమినియం ఫాయిల్ ఇండక్షన్ పొయ్యి మీద బాగా వేడెక్కుతుంది! అదే అల్యూమినియం, మందం మాత్రం మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతులు. కరెంటుకి సుఖంగా పారడానికి చోటు లేక నిరోధం స్టీలుతో పోటీపడేంత అవుతుంది. ఇంట్లో చేసి చూడొద్దు. చిరిగి, కరిగి గాజు పలకకి అతుక్కుంటే ఖర్చు మీదే.

మా వృత్తిలో ఈ సుడి ప్రవాహాలు శత్రువులు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ కోరును దిమ్మెలా పోతపోయరు. పావు మిల్లీమీటరు మందం రేకులకు ఇన్సులేషన్ పూత వేసి పేరుస్తారు, కరెంటు ఒక రేకు నుంచి ఇంకో రేకుకి దాటకుండా. బోరు మోటార్లు కాలిపోయి రివైండింగుకి ఇచ్చే రైతులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. పాత వైండింగ్ తొందరగా ఊడిరావాలని కొన్ని షెడ్లలో స్టేటరును (మోటారులో తిరగకుండా ఉండే, తీగ చుట్టిన భాగాన్ని) పెద్ద మంటలో పెట్టి కాలుస్తారు. రేకుల మధ్య పూత ఆ మంటకే పోతుంది. కొత్త రాగి తీగ ఎంత మంచిది చుట్టినా ఆ మోటారు అంతకుముందు కన్నా వేడిగా నడుస్తుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, మళ్లీ త్వరగానే కాలుతుంది. మంట పెట్టకుండా తీగలు కోసి లాగమనో, వేడి అదుపులో ఉండే ఓవెన్‌లో పెట్టమనో అడగండి.

వేడి మాట వచ్చింది కాబట్టి: అయస్కాంత గుణానికి వేడి పడదు. ఇనుము 770 డిగ్రీల దగ్గర, నికెల్ సుమారు 358 దగ్గర ఆ ఒప్పందం తెంచుకుని మామూలు పారా అయస్కాంత పదార్థాలైపోతాయి. దీన్ని క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. వంటలో మనం అంతదూరం పోం కనుక గిన్నెలకు భయం లేదు. కానీ ఫ్రిజ్ మీద పెట్టే బలమైన నియోడిమియం అయస్కాంతాలు మామూలు రకమైతే 80 డిగ్రీలు దాటగానే బలం కోల్పోవడం మొదలుపెడతాయి, అందుకని వాటిని వేడి గిన్నెకి అంటించి పరీక్షించకండి. ఈ గుణాన్ని తెలివిగా వాడుకున్న వస్తువు మీ వంటింట్లోనే ఉండొచ్చు: ఆటోమేటిక్ రైస్ కుక్కర్. దాని మధ్యలో స్ప్రింగు మీద లేచి ఉండే బొత్తాంలో, క్యూరీ ఉష్ణోగ్రత వంద డిగ్రీలకు కాస్త పైన ఉండేలా తయారుచేసిన ముక్క ఉంటుంది. నీళ్లున్నంతసేపూ గిన్నె వంద దాటదు. నీళ్లు ఇగిరిపోగానే వేడి పెరిగి ఆ ముక్క అయస్కాంత గుణం పోగొట్టుకుంటుంది, కింద పట్టుకున్న అయస్కాంతం జారిపోయి 'టక్'మని స్విచ్ పడుతుంది. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు.

మీవాడికి ఇంకా ఆసక్తి ఉంటే రెండు పనులు చెప్పండి. విశాఖ వెళ్లినప్పుడు భీమిలి వైపు బీచ్‌లో నల్ల ఇసుక ఉన్న చోట అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇసుకలో లాగితే నల్ల రేణువులు ముళ్లలా నిలబడి అంటుకుంటాయి. అందులో వెంటనే అంటుకునేది మాగ్నటైట్. బలహీనంగా స్పందించే ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ కూడా ఆ ఇసుకలో ఉంటాయి. వాటిని జిర్కాన్, రూటైల్ వంటి అసలు స్పందించని ఖనిజాల నుంచి విడదీయడానికి కర్మాగారాల్లో అయస్కాంతాలు ఉన్న రోలర్ల మీదుగా ఇసుకను పంపిస్తారు. చేతికి తెలియని ఆ పారా అయస్కాంత గుణం మీద అక్కడ ఒక పరిశ్రమే నడుస్తోంది. రెండోది: మందపాటి అల్యూమినియం పళ్లాన్ని ఏటవాలుగా పెట్టి దాని మీద నియోడిమియం అయస్కాంతాన్ని జార్చమనండి. అంటుకోని లోహం మీద అది తేనెలో జారినట్టు నెమ్మదిగా దిగుతుంది. అయితే పిల్లలున్న ఇంట్లో చిన్న నియోడిమియం అయస్కాంతాలు అందుబాటులో ఉంచొద్దు. రెండు మింగితే పేగు గోడలను మధ్యలో ఇరికించుకుని అంటుకుపోతాయి, ఆపరేషన్ దాకా పోతుంది. పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లు వాటిని ఛాతీ దగ్గరికి తీసుకోకూడదు.

ఇక కొనుగోలు. ఇండక్షన్‌కి తీసుకునే గిన్నెకి అయస్కాంతాన్ని పక్కన కాదు, అడుగున పెట్టి చూడండి, అడుగంతా గట్టిగా పట్టుకోవాలి. అడుగు చదునుగా ఉండాలి, గుండ్రటి మూకుళ్లు పనికిరావు. ఇంట్లో ఉన్న పోత ఇనుము పెనం భేషుగ్గా పనిచేస్తుంది. ఇత్తడి గిన్నెలు, రాచిప్పలు, మట్టి కుండలు పనిచేయవు. అల్యూమినియం కుక్కరైతే ఇండక్షన్ బేస్ ఉన్నది అడగండి, దాని అడుగున స్టీలు పళ్లెం కలిపి ఉంటుంది. డబ్బుకి వెనకాడకపోతే మూడు పొరల గిన్నెలు తీసుకోండి: లోపల అన్నం, పులుసు తగిలేచోట 304, మధ్యలో వేడిని సమంగా పరిచే అల్యూమినియం, బయట పొయ్యికి కావలసిన 430. అత్తగారూ పొయ్యి అమ్మినతనూ ఇద్దరూ ఒప్పుకునే గిన్నె అదొక్కటే.

మామూలు గ్యాస్ పొయ్యికి, డబ్బాలకి కొంటుంటే అయస్కాంతం జేబులోనే ఉంచండి. బిల్లు మీద స్టీలు గ్రేడు రాయించుకోండి. స్టీలు వంటపాత్రలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ఆ మార్కు దగ్గర ఐఎస్ 14756 అని ఉందో లేదో చూడండి. పెద్ద మొత్తంలో, పెళ్లి సారెకో హోటలుకో కొంటున్నట్టయితే పాత స్టీలు కొనే పెద్ద వ్యాపారుల దగ్గర ఎక్స్‌రే గన్ ఉంటుంది. గిన్నె మీద ఆనిస్తే క్రోమియం, నికెల్, మాంగనీస్ శాతాలు తెర మీద చూపిస్తుంది. 304 అని అమ్మినదాంట్లో నికెల్ 8కి బదులు 1 అని కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.